పేచీ పెట్టని బిడ్డ

మా కోడలు పిల్లల ఆసుపత్రిలో ఫోను నర్సు. ఈ మాట చెబితే కొందరు పెదవి విరుస్తారు. "అదేం ఉద్యోగమండీ, కూర్చుని ఫోన్లెత్తడమేగా" అంటారు. అలా అన్నవాళ్ళకు మా ఇంట్లో రెండోసారి టీ దొరకదు. తల నెరిసేదాకా బడిలో ఇంగ్లీషు చెప్పినదాన్ని. తప్పు సమాధానం ఎదురైతే సున్నా చుట్టకుండా ఉండలేను. అత్తగారు కోడల్ని పొగడడం చోద్యంగా అనిపిస్తే అనిపించనివ్వండి. పొగడడానికే మొదలుపెట్టాను, పొగిడే లేస్తాను.

ఆ ఫోను గది ఆసుపత్రి వెనకవైపు, దుప్పట్లు ఉతికే యంత్రాల గదికి ఆనుకుని ఉంటుంది. గోడ అవతల యంత్రాలు తిరుగుతున్నంతసేపూ బల్లలమీద పెన్నులు సన్నగా వణుకుతుంటాయి. ప్రతి బల్లమీదా ఒక ఫోను, గట్టి అట్టతో చేసిన కార్డుల కట్ట, అంబులెన్సును పిలిచే ఎర్ర మీట. జ్వరానికి ఒక కార్డు, వాంతులకు ఒకటి, దెబ్బలకు ఒకటి. ఇంట్లో బిడ్డకు బాగోలేదని తల్లో తండ్రో ఫోను చేస్తే, నర్సు తగిన కార్డు తీసి దానిమీది ప్రశ్నలు ఉన్నవి ఉన్నట్టు చదవాలి. బిడ్డను ఇంట్లోనే ఉంచమనాలా, అంబులెన్సు పంపాలా అన్నది వచ్చిన సమాధానాన్ని బట్టి కార్డే చెబుతుంది. నర్సు సొంత ప్రశ్న అడగకూడదు, సొంత మాట కలపకూడదు.

ఆ నియమం ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు ఎవరో నర్సు జాలిపడి, "ఏం కాదులే అమ్మా, పడుకోబెట్టు" అని తన సొంత ధైర్యం చెప్పిందట. ఆ బిడ్డ చావు తప్పి బయటపడింది. అప్పటినుంచి కార్డు దాటినవాళ్ళకు ఫోను కుర్చీ ఉండదు. మంచి నియమమే అని మా కోడలు కూడా అంటుంది.

ఒక సాయంత్రం వంటింట్లో బీన్స్ తరుగుతూ ఉన్నట్టుండి అడిగింది.

"అత్తయ్యా, లిస్ట్‌లెస్ అంటే ఏంటి?"

"నీకు తెలీకా?"

"నాకు తెలిసింది నాకు తెలుసు. మీరు క్లాసులో ఎలా చెప్పేవారో అది కావాలి."

రిటైరైన టీచరును పాఠం చెప్పమనడమంటే కట్టేసిన గుర్రానికి తాడు విప్పడమే. స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని, నిలబడే మొదలుపెట్టాను. ఆ మాటలో ఉన్న లిస్ట్‌కూ మనం సరుకులు రాసుకునే లిస్టుకూ చుట్టరికం లేదని చెప్పాను. పాత ఇంగ్లీషులో దానికి కోరిక అని, ఇష్టం అని అర్థం. అది లేని స్థితి ఇది. ఓడిపోయి మైదానంలో కాళ్ళీడ్చుకుంటూ నడిచే ఆటగాణ్ణి అనవచ్చు. మధ్యాహ్నం భోజనాల తర్వాత, కిటికీ బయట ఏం జరిగినా తల తిప్పని క్లాసును అనవచ్చు. జబ్బుపడి, ఎవరొచ్చారో ఎవరు వెళ్ళారో పట్టని మనిషిని అనవచ్చు.

"బద్ధకం వేరు, అలసట వేరు, ఇది వేరు," అన్నాను. "బద్ధకస్తుడికి పని అక్కర్లేదు గానీ సుఖం కావాలి. అలిసిపోయినవాడికి నిద్ర కావాలి. లిస్ట్‌లెస్ మనిషికి ఏదీ అక్కర్లేదు. అదిగో, మీ మామయ్యను చూడు. అలా కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరుచుకుని, కాళ్ళు ఎటో పారేసుకుని ఉన్నారు. చూడగానే లిస్ట్‌లెస్ అంటావా?"

"అనొచ్చేమో."

"సున్నా. కాఫీ అని మెల్లగా అను."

మా కోడలు గొంతు తగ్గించి "కాఫీ" అంది. ముందుగదిలోంచి వెంటనే, "పెట్టేశారా? నాకు పంచదార తక్కువ" అని వినిపించింది. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ తను ముందుగా నవ్వు ఆపేసింది.

"అంటే ఏదీ కావాలనకపోవడం," అంది తనలో తాను అనుకున్నట్టు. "మా జ్వరం కార్డుమీద ఆ మాటే ఉండేదత్తయ్యా, ఇంగ్లీషులో. మొదట దాన్ని నీరసం అని తెలుగు చేశారు. బిడ్డ నీరసంగా ఉందా అనడిగితే లేదనే తల్లి ఉంటుందా? ప్రతి జ్వరానికీ అంబులెన్సు పరిగెత్తింది. పైవాళ్ళు తలపట్టుకుని దాన్ని కొట్టేసి, మత్తుగా, లేపినా లేవకుండా ఉందా అని మార్చారు. ఇప్పుడు అందరూ లేదంటున్నారు. నీరసం అంటే అందరూ దొరికారు, మత్తు అంటే ఎవరూ దొరకట్లేదు. రెంటికీ మధ్య ఉన్న పిల్లలు నాకు కనపడకుండా జారిపోతున్నారు."

నా దగ్గరున్న తెలుగంతా బయటికి తీశాను. డీలాపడడం అన్నాను. జ్వరమొచ్చిన ప్రతి బిడ్డా డీలాగానే ఉంటుందంది. మందకొడిగా అన్నాను. నా బిడ్డ తెలివితక్కువదా అని తల్లులు ఒంటికాలిమీద లేస్తారంది. ఉలుకూ పలుకూ లేకుండా అన్నాను. ఆ దశకొచ్చాక తల్లి ఫోను చేసి అడగదు, బిడ్డనెత్తుకుని పరిగెత్తుకొస్తుందంది. సోలిపోవడం, జావగారిపోవడం, తోటకూర కాడలా వాడిపోవడం, ఏదీ తనకు ఆనలేదు. నా దగ్గర తెలుగు నిండుకోవడం అదే మొదటిసారి. చిర్రెత్తుకొచ్చింది.

"పైవాళ్ళకు చెప్పలేకపోయావా?"

"చెప్పాను. కార్డు తిరగరాయాలంటే దానిమీద ఒక ఉల్లంఘన నమోదై ఉండాలట. ఎవరో ఒక నర్సు కార్డు దాటినట్టు ఆసుపత్రి రికార్డులోకెక్కితేనే కార్డులు మార్చే సంఘం కూర్చుంటుంది. లేకపోతే కార్డు ఎక్కడిదక్కడే."

"బాగుంది వరస. కుర్చీ పోగొట్టుకోవడానికి ఎవరు దాటతారు?"

"అదే కదా," అని బీన్స్ గిన్నె నా చేతికిచ్చింది. ఆ పూట కూరలో ఉప్పు వెయ్యడం ఇద్దరమూ మరిచిపోయాం. మా ఆయన మాట్లాడకుండా తిని, లేచేముందు మాత్రం "పథ్యం మంచిదే" అన్నారు.

తర్వాత కొన్నాళ్ళకు మా కోడలు వేళ కాని వేళ, మధ్యాహ్నమే ఇంటికొచ్చింది. చెప్పులు విప్పి, గ్లాసెడు నీళ్ళు తాగి, నా ఎదురుగా కూర్చుంది.

"ఇవాళ కార్డు దాటాను."

"బిడ్డ?" అన్నాను.

"అంబులెన్సులో తీసుకొచ్చారు. వాకిట్లో ఉన్న కుర్ర డాక్టరు చూసి, జ్వరం పెద్దగా లేదు, కళ్ళు తెరుచుకునే ఉన్నాడు, ఇందుకా అంబులెన్సు అన్నాడు. ఈలోగా పెద్ద డాక్టరమ్మ అటుగా వచ్చి బాబు నెత్తిమీద చెయ్యి వేసి చూసింది. మాడు ఉబ్బి ఉందట. లోపలికి తీసుకెళ్ళిపోయారు. ఇంకేం తెలీదు. నన్ను ఇంటికెళ్ళమన్నారు."

ఆ రోజు మా ఇంట్లో ఫోను మోగినప్పుడల్లా ముగ్గురం ఒకేసారి లేచాం. ఒకసారి అది లిఫ్టులు బాగుచేసే మా అబ్బాయి, ఎక్కడో అంతస్తుల మధ్య ఇరుక్కున్నాను, ఆలస్యమవుతుందని చెప్పడానికి చేశాడు. పాపం, వాణ్ణి ముగ్గురం కలిసి కసిరాం. పొద్దుపోతుండగా పెద్ద డాక్టరమ్మ నుంచి కబురొచ్చింది. ఇన్‌ఫెక్షన్ మెదడు పొరలదాకా పాకిందట. మందు సమయానికి పడిందట. ఇంకో పూట ఇంట్లోనే ఉంచి ఉంటే ఏం జరిగేదో ఆవిడ చెప్పలేదు, మేం అడగలేదు. మా కోడలు అప్పటిదాకా గట్టిగా ఉండి, అప్పుడు నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది.

బిడ్డ గండం గడిచాక ఆసుపత్రిలో విచారణ పెట్టారు. కార్డులోని భాష గురించి చెప్పడానికి రెండు భాషలూ వచ్చిన బయటి మనిషి కావాలన్నారు. పెద్ద డాక్టరమ్మ చిన్నప్పుడు నా దగ్గర చదువుకుంది. ఇంగ్లీషులో ఎప్పుడూ మొదటి మార్కు తనదే. నన్ను పిలిపించింది. వెళ్ళేముందు మా కోడలు గుమ్మంలో నిలబెట్టి చెప్పింది.

"అక్కడ మీరు టీచరుగారు. నా అత్తగారు కాదు. నన్ను వెనకేసుకొచ్చి ఒక్క ముక్క మాట్లాడినా నేను గెలిచినట్టు కాదు."

"నేనెందుకు మాట్లాడతానే?"

"మీరా? మాట్లాడకుండానా?"

సరేనని మాటిచ్చాను. ఎంత కష్టమైన మాటిచ్చానో ఆ గదిలో కూర్చున్నాక గాని తెలియలేదు.

సూపరింటెండెంటు గారు మనిషి మంచివాడే. బల్లమీద కాగితాలన్నీ అంచులు కలిపి పెట్టుకునే రకం. ఒక పక్క పెద్ద డాక్టరమ్మ, ఇంకో పక్క నేను. ఎదురుగా మా కోడలు, నిలబడే ఉంది. ఫోను గదికి వచ్చే ప్రతి ఫోనూ రికార్డవుతుంది. ముందు అది వినిపించారు.

మా కోడలి గొంతు వినపడింది. ఇంట్లో మేం వినే గొంతు కాదు. తొందర లేకుండా, అవతలి మనిషి చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్టుగా ఉంది. జ్వరం ఎప్పటినుంచని అడిగింది. నిన్నటినుంచి అంది తల్లి. బాబు ఇంకా పాకే వయసువాడు. వాంతుల్లేవు, ఫిట్స్ లేవు.

"బిడ్డ మత్తుగా, లేపినా లేవకుండా ఉందా?"

"లేదండీ. మేలుకునే ఉన్నాడు. కళ్ళు తెరుచుకునే ఉన్నాడు."

"పాలు తాగుతున్నాడా?"

"పెడితే తాగాడండీ, రెండు గుక్కలు."

కార్డు ప్రకారం అక్కడితో అయిపోయింది. బిడ్డను ఇంట్లో ఉంచి మందు వెయ్యండి, సాయంత్రం మళ్ళీ ఫోను చెయ్యండి అని చదివి పెట్టెయ్యాలి. మా కోడలు అది చదవడం మొదలుపెట్టింది కూడా. తల్లి పెద్దగా ఊపిరి వదిలింది.

"హమ్మయ్య. నేనే ఊరికే కంగారుపడ్డాను. నిన్నంతా చంక దిగలేదండీ, ఒకటే పేచీ. ఇవాళ పొద్దుట్నుంచి పేచీ మాటే లేదు, ఎంత బుద్ధిగా ఉన్నాడో. ఎక్కడ పడుకోబెడితే అక్కడే. వాళ్ళన్న చేతిలో బొమ్మ లాక్కున్నా ఏమీ అనలేదు. ఇంత మంచివాడు ఎప్పుడయ్యాడా అనుకుంటున్నాం."

రికార్డులో గోడ అవతల దుప్పట్లు ఉతికే యంత్రం చప్పుడు మాత్రం ఉంది.

"అమ్మా, ఫోను పెట్టెయ్యకండి," అంది మా కోడలు. "మిమ్మల్ని చూసి ఎత్తుకోమని చేతులు చాస్తున్నాడా?"

"లేదండీ."

"ఒక పని చెయ్యండి. వాడికి కనపడేలా నడుచుకుంటూ గదిలోంచి బయటికెళ్ళండి. వెళ్తుంటే మీ వెనకాల చూస్తాడేమో వెనక్కి తిరిగి గమనించండి."

అడుగుల చప్పుడు దూరమైంది. మళ్ళీ దగ్గరైంది. తల్లి గొంతు మారిపోయింది.

"చూడలేదండీ. గుమ్మం దాటినా చూడలేదు. నేను గది దాటితే ఇల్లెగిరిపోయేలా ఏడ్చేవాడండీ వీడు."

"అంబులెన్సు బయల్దేరుతోంది. బాబుని ఎత్తుకుని తలుపు దగ్గరే ఉండండి."

రికార్డు ఆపేశారు. పెద్ద డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నేను రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఎందరో పిల్లలకు లిస్ట్‌లెస్ అన్న మాటకు అర్థం చెప్పాను. ఫోనులో, కనపడని బిడ్డలో, దాన్ని ఇలా పట్టుకోవచ్చని నాకెప్పుడూ తోచలేదు. నా కడుపు నిండిపోయింది. అది నా కోడలు అని అరిచి చెప్పాలనిపించింది. పళ్ళ బిగువున ఆపుకున్నాను.

సూపరింటెండెంటు గారు కాగితాల అంచులు మరోసారి కలిపారు.

"నియమం ప్రకారం ఇది తప్పే. కానీ బిడ్డ దక్కాడు. తల్లిదండ్రులు వచ్చి దణ్ణం పెట్టి వెళ్ళారు. దీన్ని ఉల్లంఘన అని రాయడానికి నాకు చెయ్యి రావట్లేదు. నర్సు చూపిన శ్రద్ధకు అభినందన అని రాసి మూసేస్తాను. ఇక దీని సంగతి అందరం మరిచిపోదాం."

నేను లేచి చప్పట్లు కొట్టబోయి ఆగాను. ఎందుకంటే మా కోడలు తల అడ్డంగా ఊపుతోంది.

"వద్దు సార్. ఉల్లంఘన అనే రాయండి."

ఆయన తెల్లబోయారు. "ఏమంటున్నావమ్మా? అది రాస్తే నీ ఫోను కుర్చీ పోతుంది. స్టోరులో దుప్పట్లు సర్దుకోవాలి. ఈ ఏడాది రావాల్సిన సీనియర్ హోదా ఆగిపోతుంది. తెలుసా?"

"తెలుసు సార్. అభినందన రాస్తే కార్డు అలాగే ఉంటుంది. ఉల్లంఘన రాస్తే కార్డు తిరగరాయాలి."

"బిడ్డ బాగానే ఉన్నాడు కదా. కోరి నెత్తిన పెట్టుకోవడం ఎందుకు?"

"ఆ పూట ఫోను నా బల్లకొచ్చింది సార్. పక్క బల్లకొచ్చుంటే?" అంది మా కోడలు. "పక్కన చిలకమ్మ ఉంది. తను కార్డు మీదున్నది పొల్లుపోకుండా చదువుతుంది. అదే పద్ధతి, అందులో తన తప్పేం లేదు. చదివి, ఇంట్లోనే ఉంచమని చెప్పి, ఫోను పెట్టేసేది. బాబు ఇంట్లోనే ఉండేవాడు. బుద్ధిగా. రేపు ఇంకో తల్లి ఫోను చేసినప్పుడు ఎవరి బల్ల మోగుతుందో మనకు తెలీదు. నేనుంటేనే బిడ్డ బతకాలంటే అది ఆసుపత్రి కాదు సార్, లాటరీ."

ఆ పిల్లను దగ్గరకు తీసుకుని నుదుటిమీద ముద్దు పెట్టాలనిపించింది. వచ్చిన అభినందన కాదన్నందుకు చెవి మెలిపెట్టాలనీ అనిపించింది. రెండూ నిజమే. ఆ హోదా కోసం తను ఎంతగా ఎదురుచూసిందో ఇంట్లో ఉన్నవాళ్ళం మాకు తెలుసు. పండగలు, పెళ్ళిళ్ళు వదులుకుని డ్యూటీలు చేసింది. దాన్ని ఒక ప్రశ్న కోసం ఇచ్చేసింది. ఇంత తల పొగరున్న కోడలు నాకు దొరికినందుకు నేనే పొగరుపడ్డాను.

సూపరింటెండెంటు గారు చాలాసేపు పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, చివరికి ఉల్లంఘన అనే రాశారు. రాసిన కాగితాన్ని పక్కకు తోశారు గాని, దాని అంచులు ఈసారి కలపలేదు. నా వైపు తిరిగారు.

"సరే టీచరుగారూ. ఇప్పుడు కార్డు మార్చాలి. లిస్ట్‌లెస్‌కు సరైన తెలుగు మాట చెప్పండి."

"లేదు," అన్నాను.

"లేదా?"

"పుస్తకాల్లో బోలెడున్నాయి. ఏది రాసినా అందరూ ఔననో, అందరూ కాదనో అంటారు. మీకు కావాల్సింది మాట కాదు, ప్రశ్న. ఆ తల్లి చెప్పింది మళ్ళీ ఒకసారి పెట్టండి."

మళ్ళీ పెట్టారు. నిన్నంతా ఒకటే పేచీ అన్న దగ్గర చెయ్యెత్తి ఆపించాను.

"అది చాలు. అది కావాలి, ఇది వద్దు, ఎత్తుకో, దించు, అని గొడవ పెట్టడమే పేచీ. జ్వరమొచ్చినా కోరిక చావని బిడ్డ పేచీ పెడుతుంది. ఏదీ అక్కర్లేని బిడ్డ పేచీ మానేస్తుంది. తల్లికి అది బుద్ధిలా కనపడుతుంది. ఆ ఇంగ్లీషు మాటలో ఉన్నదంతా అదే. బిడ్డ దేనికోసమైనా పేచీ పెడుతోందా అని అడగండి. లేదంటే ఎప్పటినుంచి మానేసిందో అడగండి."

సూపరింటెండెంటు గారు ఇబ్బందిగా కదిలారు. "పేచీ అనా? ఆసుపత్రి కార్డుమీద? కొంచెం గౌరవంగా ఉండే మాట..."

ఇక నా వల్ల కాలేదు. కోడలి గురించి మాట్లాడనని మాటిచ్చాను గాని, భాష గురించి మాట్లాడననలేదు.

"గౌరవం కావాలంటే గేటుమీద బోర్డులో రాయించుకోండి. కార్డుమీద తల్లికి తెలిసిన మాటుండాలి. వణుకుతున్న చేత్తో ఫోను పట్టుకున్న మనిషిని నిఘంటువు తిరగెయ్యమంటారా?"

పెద్ద డాక్టరమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంది. చిన్నప్పుడు వెనక బెంచీలో కూర్చుని సరిగ్గా అలాగే నవ్వేది. "సార్, అడిగి చూద్దాం పదండి," అంది.

అందరం కింద పిల్లల్ని చూపించుకోవడానికి కూర్చునే హాల్లోకి వెళ్ళాం. ఏ బిడ్డకు ఎంత జబ్బో పెద్ద డాక్టరమ్మ పొద్దుటే చూసి ఉంది. ఆవిడ వరసగా అడుగుతూ వెళ్తుంటే, సూపరింటెండెంటు గారు వెనక చేతులు కట్టుకుని వింటూ నడిచారు. బిడ్డ నీరసంగా ఉందా అంటే అందరూ ఒక్క నిమిషం ఆలోచించి, మొహం వేలాడేసి, ఔనన్నారు. పేచీ పెడుతోందా అంటే మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

"పేచీయా? ఈ మహాతల్లి నన్ను బతకనిస్తే కదా!" అంది ఒకావిడ. ఆ మహాతల్లి సరిగ్గా అప్పుడే సూపరింటెండెంటు గారి జేబులో పెన్ను కావాలని లాగింది. ఇవ్వకపోతే హాలంతా దద్దరిల్లింది. ఇంకో తండ్రి, "మందు నోట్లో పోస్తే నా మొహానే ఊశాడు డాక్టరుగారూ," అని కాలరు చూపించాడు. అలాంటి పిల్లలందరూ ఇంటికి పంపదగ్గవాళ్ళేనని పెద్ద డాక్టరమ్మ చెప్పింది. ఒక మూల బల్లమీద కూర్చున్న ఆవిడ మాత్రం, "నిన్న పెట్టిందండీ... ఇవాళ..." అని ఆగిపోయి, ఒళ్ళో ఉన్న పాపను కొత్తగా చూసింది. పొద్దున పెద్ద డాక్టరమ్మ లోపల చేర్చమని రాసి, పడక ఖాళీ అయ్యేదాకా అక్కడ కూర్చోబెట్టింది ఆ పాపనే. సూపరింటెండెంటు గారు ఆ తల్లినీ పాపనూ చూశారు. పడక సంగతి ఇప్పుడే తేల్చమని పక్కనున్న నర్సును పంపించారు. తర్వాత నా దగ్గరకొచ్చి, "పేచీ అనే రాద్దాం," అన్నారు.

మా కోడలు స్టోరుకెళ్ళింది. నేను ఎవరితోనూ దాచలేదు. పక్కింటావిడ "అయ్యో, పాపం, శిక్ష పడిందటగా" అని పరామర్శకు వస్తే, "పడలేదు, మా కోడలు అడిగి తీసుకుంది" అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. టీ మాత్రం ఇచ్చాను, అయ్యో అంది గాని పెదవి విరవలేదు కాబట్టి. మా అబ్బాయి ఎప్పుడూ ఎక్కువ మాట్లాడడు. ఆ నెల రోజూ వాడే పెళ్ళాన్ని స్కూటరుమీద స్టోరు గుమ్మం దాకా దింపి, హెల్మెట్ తీసి, అందరూ చూసేలా చెయ్యూపి మరీ వెళ్ళాడు. మా ఆయన కాఫీ అడగకుండా రెండు రోజులున్నారు. జ్వరమొచ్చిందేమోనని నేనే భయపడ్డాను. కోడలు బాధలో ఉంటే మనకు కోరికలేంటని ఊరుకున్నారట. "మీరలా ఊరుకుంటే అంబులెన్సు పిలవాల్సొస్తుంది మామయ్యా," అని మా కోడలే కాఫీ పెట్టిచ్చింది.

కొత్త కార్డులు అచ్చయి వచ్చిన రోజు నన్ను కూడా పిలిచారు. ఫోను గదిలో పాత కార్డులు తీసేసి కొత్తవి పెడుతున్నారు. పెద్ద డాక్టరమ్మ, సూపరింటెండెంటు గారు ఒక పక్క నిలబడ్డారు. మా కోడలు ఉతికిన దుప్పట్ల మూట భుజాన వేసుకుని ఆ దారినే వెళ్తూ, గుమ్మం దగ్గర ఆగింది. లోపలికి రాలేదు. ఆ గదిలో ఇప్పుడు తనకు పనిలేదు.

చిలకమ్మ బల్లమీద ఫోను మోగింది. పెద్ద డాక్టరమ్మ సైగ చేస్తే, అందరికీ వినపడేలా పెట్టింది. ఎవరో పెద్దావిడ, బిడ్డ అమ్మమ్మట. మనవరాలికి జ్వరమంది. చిలకమ్మ కొత్త కార్డు తీసి, ఎప్పటిలాగే గొంతులో హెచ్చుతగ్గులు లేకుండా, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా చదివింది. జ్వరం ఎప్పటినుంచి? వాంతులున్నాయా? తర్వాత:

"బిడ్డ దేనికోసమైనా పేచీ పెడుతోందా?"

"పేచీయా?" అంది పెద్దావిడ. ఫోనును పక్కకు పెట్టి ఎవరినో కేకేసి అడగడం వినిపించింది. "ఏమే, పాప ఇవాళ పేచీ పెట్టిందా? పొద్దున్నుంచి?" అవతలనుంచి జవాబు ఏదో వచ్చింది. పెద్దావిడ మళ్ళీ ఫోనులోకి వచ్చింది.

"లేదమ్మా. నిన్న రాత్రితో మానేసింది. మేమింకా... తగ్గిందనుకుంటున్నామమ్మా."

చిలకమ్మ ఎవరి వైపూ చూడలేదు. ఎవరినీ ఏమీ అడగలేదు. కార్డులో తర్వాతి వరసమీద వేలు పెట్టింది. ఇంకో చేత్తో ఎర్ర మీట నొక్కింది.

"ఫోను పెట్టెయ్యకండి. బిడ్డని ఎత్తుకుని తలుపు దగ్గర ఉండండి. అంబులెన్సు వస్తోంది."

బయట అంబులెన్సు కదిలిన చప్పుడైంది. సూపరింటెండెంటు గారు కిటికీ దగ్గరకెళ్ళి అది గేటు దాటేదాకా చూశారు. గుమ్మంలో మా కోడలు మూట ఈ భుజంనుంచి ఆ భుజానికి మార్చుకుని, దుప్పట్లు ఆలస్యమవుతాయని వార్డువైపు వెళ్ళిపోయింది. ఆ నడక చూస్తూ, ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా, "ఆ ప్రశ్న మా కోడలిది," అన్నాను.